దిల్సియా సిద్ధపడిన సంగతి

మా కొండ ఊరు రింకోన్ ఓందోలో ఆడవాళ్ళు “సిద్ధపడ్డాను” అంటే ప్రయాణానికో, పండక్కో అనుకోకూడదు. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నానని దానర్థం. “మీ కోడలు సిద్ధపడిందా?” “మూడో కాన్పులోనే సిద్ధపడిందమ్మా, అదృష్టవంతురాలు.” వాగులో బట్టలుతికే చోట, కోకో గింజలు ఆరబోసే చోట, ఆఖరికి చర్చి మెట్ల మీద కూడా ఈ మాట మామూలుగా దొర్లుతూ ఉంటుంది. అలా సిద్ధపడినవాళ్ళే ఆదివారం పూజలో ముందు బల్లల మీద కూర్చుని గొంతెత్తి పాడతారు. అది పాపమని చర్చి చెబుతుందని వాళ్ళకు తెలుసు. వాళ్ళు చేయించుకున్నారని ఫాదర్లకూ తెలుసు. ఎవరూ ఎవరినీ అడగరు. దేవుడితో గొడవ పడకుండా బతకడానికి మా దొమినికన్ జనం కనిపెట్టుకున్న ఏర్పాటు ఇది. బాగానే పనిచేస్తోంది.

దిల్సియా ఇంట్లో మాత్రం ఆ ఏర్పాటు పనిచేయలేదు. కారణం ఆమె మొగుడు నికనోర్.

నికనోర్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీకతని మీద కోపం రావచ్చు. తాగడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు, కోకో తోటలో పొద్దంతా ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తాడు. ఆరేళ్ళుగా ప్రతి శనివారం కొండ దిగి డీకన్ చదువు చదువుకుంటున్నాడు. పెళ్ళయి పిల్లలున్న మగవాడికి చర్చిలో దక్కే పెద్ద పదవి అదే. డీకన్ జ్ఞానస్నానాలు ఇస్తాడు, పెళ్ళిళ్ళు జరిపిస్తాడు, శవపేటిక దగ్గర ప్రార్థన చెబుతాడు. మా కొండ మీదికి ఫాదర్ నెలకోసారి వస్తే గొప్ప కాబట్టి, నికనోర్ డీకన్ అయితే ఊరికి ఒక దిక్కు దొరికినట్టే. అక్టోబరులో బిషప్ గారు వచ్చి అతని తల మీద చేతులుంచి డీకన్ చేయబోతున్నారు. ఆ రోజు వండబోయే మేకమాంసం పులుసు గురించి ఊళ్ళో అప్పుడే వాదులాటలు కూడా మొదలయ్యాయి.

నికనోర్‌లో ఉన్న చిక్కల్లా ఒక్కటే. తను నమ్మినదాన్ని ఎదుటివాడు కూడా నమ్మేదాకా వదిలిపెట్టడు. పెళ్ళి కాబోయే జంటలను చర్చి హాల్లో కూర్చోబెట్టి, చొక్కా జేబులోంచి థర్మామీటర్ తీసి పైకెత్తి చూపించేవాడు.

“మందులొద్దు, కత్తులొద్దు. ఆడమనిషి ఒంట్లో దేవుడే ఓ లెక్క పెట్టాడు. పొద్దున్నే మంచం దిగకముందే ఇది నాలిక కింద పెట్టుకోవాలి. వేడి పెరిగి మూడ్రోజులు గడిచేదాకా మొగుడన్నవాడు ఓపిక పట్టాలి. అంతే. మా మూడోవాడికి తొమ్మిదేళ్ళు. నాలుగోది రాలేదు. నా మాట నమ్మకపోతే ఇదిగో, మా ఆవిణ్ణే అడగండి.”

పక్కన కుర్చీలో దిల్సియా నవ్వేది. ఆ నవ్వునే అందరూ జవాబనుకునేవారు.

నిజం వేరే. మూడోవాణ్ణి కడుపు కోసి తీసినప్పుడు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆమె మొహం మీదికి వంగి, “నీ గర్భసంచి కాగితంలా పల్చబడింది. ఇంకోసారి నిండితే పగులుతుంది. ఇప్పుడే సిద్ధపడతావా?” అని అడిగింది. నికనోర్ బయట వరండాలో జపమాల చెప్పుకుంటున్నాడు. దిల్సియా ఇంట్లో ఉన్న ఇద్దరినీ, అప్పుడే ఏడుపందుకున్న మూడోవాణ్ణీ తలుచుకుంది. సరేనంది. తర్వాత కొన్నాళ్ళకు పట్నంలో ముక్కూమొహం తెలియని ఒక ముసలి ఫాదర్ చెవిలో తన పాపం చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంది. ఆయన క్షమాపణ ఇచ్చి పంపించాడు. దేవుడి దగ్గర లెక్క అలా తేలిపోయింది.

మొగుడి దగ్గరే తేలలేదు. ఆమె ఇంటికొచ్చిన వారానికి నికనోర్ ఎక్కడో శిక్షణకు వెళ్ళి, కొత్త థర్మామీటర్‌ను గుడ్డలో చుట్టుకుని తెచ్చాడు. “ఇక నీకేం భయం లేదు దిల్సీ” అన్నాడు. అతని కళ్ళు మెరిసిపోతున్నాయి. ఇప్పుడు కాదు, రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు తొమ్మిదేళ్ళు రాలేదు. అబద్ధమాడటానికి ఆమె నోరు కూడా తెరవలేదు, పొద్దున్నే థర్మామీటర్ పెట్టుకోవడానికి తప్ప. ఓపిక పట్టాల్సిన రోజుల్లో నికనోర్ వసారాలో ఉయ్యాల కట్టుకుని పడుకునేవాడు. దోమలు కుట్టేవి, వాన జల్లు కొట్టేది. లోపల మంచం మీద దిల్సియా కళ్ళు తెరుచుకుని పడుకునేది. అతని మీద జాలి, తన మీద కోపం, రెండూ కలిసి ఆమెను నిద్రపోనిచ్చేవి కావు.

ఇది ఇలాగే వాళ్ళిద్దరి ముసలితనం దాకా సాగిపోయేదేమో. యనీరిస్ లేకపోతే.

యనీరిస్ దిల్సియాకు జ్ఞానపుత్రిక. జ్ఞానస్నానం నాడు ఆ పిల్లను చేతుల్లో పట్టుకుని, నీ ఆత్మకు నేను పూచీ అని దేవుడికి మాటిచ్చింది దిల్సియానే; అందుకే ఆ పిల్లకు ఈమె జ్ఞానమ్మ, నికనోర్ జ్ఞానయ్య. చిన్నప్పుడు వచ్చిన జ్వరం పిల్ల గుండెలో కవాటాన్ని పాడుచేసింది. మొదటి కాన్పులో చావు అంచుల దాకా వెళ్ళొచ్చింది. ఇంకో కడుపు వద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. యనీరిస్ మందులు ముట్టుకోలేదు, సిద్ధపడనూ లేదు. నికనోర్ మాటలు విని, దిల్సియా నవ్వు చూసి, థర్మామీటర్ కొనుక్కుంది. రెండేళ్ళు తిరగకముందే నెల తప్పింది. తొలి నెలల్లో పట్నం డాక్టరు గొంతు తగ్గించి, ఈ కడుపు నీ ప్రాణం మీదికి తేవచ్చు, కానీ కడుపు తీయకుండా మన చట్టం నా చేతులు కట్టేసింది అన్నాడు. చట్టం కట్టకపోయినా నా బిడ్డ మీద నిన్ను చెయ్యి వెయ్యనివ్వనని చెప్పి ఆమె లేచి వచ్చేసింది.

ఇప్పుడు నెలలు నిండాయి. యనీరిస్ పెద్దాసుపత్రిలో మంచం మీద ఉంది. గురువారం పొద్దున కడుపు కోసి బిడ్డను తీస్తారు.

మంగళవారం ఆమె మొగుడు వీల్కిన్ దిల్సియా వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. అద్దెకు మోటార్‌సైకిల్ నడిపేవాడు, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం నోట్లో ఆడుతూ ఉండేవాడు. ఆ రోజు టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

“కూర్చో నాయనా. కాఫీ ఇస్తా.”

“వద్దత్తా. నీతో ఓ మాట చెప్పి పోదామని వచ్చా.”

“చెప్పు.”

“ఎలాగూ కోస్తున్నాం, అప్పుడే మళ్ళీ కడుపు రాకుండా నాళాలు ముడేసేస్తామంటున్నారు డాక్టర్లు. ఈసారి బయటపడుతుంది, మళ్ళీ కడుపొస్తే మాత్రం నువ్వు శవపేటిక చూసుకోవాల్సిందే అని నా మొహమ్మీదే చెప్పారు. అదేమో ఒప్పుకోవట్లా.”

దిల్సియా చేతిలో పచ్చి అరటికాయ సగం ఒలిచి ఉంది. అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

“ఏమంటుంది?”

“జ్ఞానమ్మ తొమ్మిదేళ్ళు నెగ్గుకొచ్చింది, నేనూ నెగ్గుకొస్తానంటుంది. ఈసారి తప్పు నాదే, నాకు ఓపిక లేకపోయింది, లెక్క తప్పాను అంటుంది. నేను కాళ్ళు పట్టుకున్నా. నువ్వు దెయ్యంలా మాట్లాడుతున్నావు పొమ్మంది.” వీల్కిన్ టోపీ నెత్తిన పెట్టుకుని మళ్ళీ తీశాడు. “నీ మాటైతే వింటదత్తా. నాకు తెలుసు నువ్వు అలాంటివాటికి ఒప్పుకోవని. అయినా ఒక్కసారి దాని మొహం చూసి చెప్పు. రేపు సాయంత్రంలోపు డాక్టరమ్మకి ఏదో ఒకటి చెప్పాలి.”

అతను వెళ్ళిపోయాక దిల్సియా అరటికాయలు ఉడకబెట్టింది, నలిపింది, ఉల్లిపాయలు వేయించి పైన వేసింది, పిల్లలకు పెట్టింది. ఏం చేసిందో ఆమెకే తెలియదు. నిజం చెబితే అక్టోబరు పోతుంది, నికనోర్ పోతాడు. చెప్పకపోతే యనీరిస్ పోతుంది. తన చేతులతో జ్ఞానస్నానం తొట్టి దగ్గర ఎత్తుకున్న పిల్ల. ఎటు చూసినా మధ్యేమార్గం కనిపించలేదు.

పైగా మర్నాడే, బుధవారం, ఫాదర్ ఉర్బానో వాళ్ళిద్దరినీ రమ్మన్నాడు.

పెళ్ళయిన మగవాణ్ణి డీకన్ చేయాలంటే భార్య ఒప్పుకోవాలి. పెళ్ళాం అనుమతి చర్చి అడిగే సందర్భం ఇదొక్కటేనని మా ఆడవాళ్ళు నవ్వుకుంటారు. ఆ ఒప్పుకోలు తీసుకునే పని ఫాదర్ ఉర్బానోది. స్పెయిన్ నుంచి వచ్చి మూడు నెలలైంది. పొడుగ్గా, ఎర్రగా, చేతుల నిండా దోమకాట్లతో ఉంటాడు. మా భాషే మాట్లాడతాడు, కాకపోతే పుస్తకంలోంచి తీసినట్టు మాట్లాడతాడు. మనుషులంటే నిజంగా ప్రేమ ఉన్నవాడు. మా మాటలు మాత్రం ఇంకా వంటబట్టలేదు.

కొండ కింది చర్చి వెనక గదిలో నికనోర్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో నిటారుగా కూర్చున్నాడు. దిల్సియా రాత్రంతా నిద్ర లేక పక్కన కూలబడింది. ఫాదర్ తన చేత్తోనే కాఫీ పోసిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“దిల్సియా గారూ, బిషప్ గారి తరఫున మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. దేవుడి ముందు అడుగుతున్నాను, దేవుడి ముందే జవాబు చెప్పండి.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “మీరు సిద్ధపడ్డారా?”

దిల్సియా నోటిదాకా తెచ్చిన కప్పు దించింది. ఎవరు చెప్పారు ఈయనకి? ఆ డాక్టరమ్మా? ముసలి ఫాదరా? చచ్చినా బయటపెట్టకూడదు కదా వాళ్ళు. దేవుడే చెప్పాడా? పక్కన నికనోర్ పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది. పరదేశపు ఫాదర్ తెలియక ఆడవాళ్ళ మాట వాడేశాడని అతనికి అర్థమైంది. సర్దిచెబుదామని నోరు తెరిచాడు. దిల్సియా నోరు ముందు కదిలింది.

“సిద్ధపడ్డాను ఫాదర్.”

“చాలా సంతోషం. ఎప్పట్నుంచి?”

“తొమ్మిదేళ్ళైంది.”

“తొమ్మిదేళ్ళా? ఈయన చదువు మొదలుపెట్టి ఆరేళ్ళే కదా. అంటే మీ ఆయనకంటే ముందే మీరు సిద్ధపడ్డారన్నమాట.” ఫాదర్ మొహం విప్పారింది. “ఇద్దరూ కలిసి ప్రార్థించి తీసుకున్న నిర్ణయమేనా?”

“కాదు ఫాదర్. ఈయనకి తెలీదు.”

“తెలియకపోవడమేమిటి? భార్య మనసు భర్తకు తెలియకుండా ఉంటుందా?”

“మనసుతో పని కాదు కదా ఫాదర్. మూడోవాణ్ణి కోసి తీసినప్పుడు అక్కడికక్కడే ముడేసేసింది డాక్టరమ్మ. ఈయన బయట జపమాల చెప్పుకుంటున్నాడు.”

ఫాదర్ అర్థంకాక నికనోర్ వైపు చూశాడు. నికనోర్ నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది, దాన్ని తీసేయాలన్న సంగతి అతను మరిచిపోయినట్టున్నాడు. ఆ మొహం చూశాక ఫాదర్‌కు కొద్దికొద్దిగా తెలిసింది.

“అమ్మా,” అన్నాడు మెల్లగా, “నేను అడిగింది అది కాదు. డీకన్ భార్యగా ఉండటానికి మీ మనసు సిద్ధపడిందా అని.”

దిల్సియాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది.  తొమ్మిదేళ్ళు దాచింది, ఎవరూ అడగకుండానే చెప్పేసింది. కప్పు బల్ల మీద పెట్టేసింది. 

“పాపసంకీర్తనం చేసుకున్నారా?” అని అడిగాడు ఫాదర్.

“అప్పుడే చేసుకున్నా.”

“అయితే ఆపరేషన్ సంగతి ముగిసింది. దేవుడు క్షమించినదాన్ని నేను తవ్వను.” ఆయన కుర్చీ ముందుకు జరిపాడు. “కానీ ఆ హాల్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు కదా. మిమ్మల్ని చూసి ఎంతోమంది నమ్మారు. దాన్ని ఎవరు క్షమించాలి?”

“దానికే వస్తున్నా ఫాదర్.” దిల్సియా యనీరిస్ సంగతంతా చెప్పింది. మొగుడి వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ చెప్పింది. “ఇవాళ సాయంత్రం లోపు ఆ పిల్లకి నిజం చెప్పాలి. లేకపోతే నేను చంపినట్టే.”

“చెప్పండి. అది మీరు ఆమెకు చెయ్యాల్సిన న్యాయం. కానీ నువ్వూ చేయించుకో అని మాత్రం అనకండి.”

“నిజం చెప్తే అన్నట్టే కదా ఫాదర్.”

“కాదు.” ఫాదర్ గొంతులో మొదటిసారి కాఠిన్యం వచ్చింది. “నన్ను రాతిమనిషి అనుకోకండి. నేను ఇంతకుముందు పనిచేసిన చోట పేద ఆడవాళ్ళను కాన్పు బల్ల మీదే, మాట మాత్రం చెప్పకుండా, ఇక పిల్లలు పుట్టకుండా కోసి పంపేవాళ్ళు. మీలాంటివాళ్ళు తక్కువ పుడితే నయమని నా ముందే అన్న డాక్టర్లున్నారు. మనిషి ఒంటి మీద అలా కత్తి పెట్టే హక్కు ఎవరికీ లేదని గట్టిగా అన్నది చర్చి ఒక్కటే. ప్రాణభయం ఉందని ఒకరికి తలుపు తీస్తే, రేపు ఆ తలుపులోంచి పేదవాళ్ళనందరినీ తోసేస్తారు.”

“నన్నెవరూ తొయ్యలేదు ఫాదర్. ఆ డాక్టరమ్మ నన్నడిగింది.” దిల్సియా ఇప్పుడు తిన్నగా ఆయన మొహంలోకి చూసింది. “నా ఒంటి గురించి నన్నడిగింది నా జన్మలో ఆవిడొక్కతే.”

  నికనోర్ లేచి నిలబడ్డాడు. ఎవరికీ దణ్ణం పెట్టకుండా బయటికి నడిచాడు.

దిల్సియా వెళ్ళేసరికి మోటార్‌సైకిల్ స్టార్ట్ చేసి ఉంది.

“ఎక్కు,” అన్నాడు.

ఎక్కింది. ఎప్పుడూ అతని నడుం చుట్టూ చెయ్యి వేసి కూర్చునేది. ఇవాళ వెనక ఇనుప కమ్మీ పట్టుకుంది. ఊరి దారీ పట్నం దారీ చీలే చోట అతను బండి ఆపాడు. ఇంజను కూడా ఆపేశాడు. తల తిప్పకుండానే మాట్లాడాడు.

“వానాకాలంలో కూడా ఆ ఉయ్యాలలో పడుకున్నా.”

“తెలుసు.”

“తడిసి జ్వరమొస్తే, ప్రభువా ఇది నీకోసం అని చెప్పుకున్నా. నువ్వు లోపల్నుంచి వింటూనే ఉన్నావు.”

“వింటూనే ఉన్నా.”

“నవ్వుకునేదానివా?”

“లేదు నికనోర్. ఒక్కసారి కూడా లేదు.”

అతను నమ్మాడో లేదో తెలియదు. కోకో బస్తాల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. 

“నన్ను తర్వాత ఏం చేసినా చెయ్యి,” అంది దిల్సియా. “ఇప్పుడు ఇంటికి మాత్రం తీసుకెళ్ళకు. తీసుకెళ్తే దిగి నడిచైనా పట్నం పోతా.”

నికనోర్ బండి స్టార్ట్ చేసి పట్నం వైపు తిప్పాడు.

ఆసుపత్రిలో యనీరిస్ మూడు దిండ్ల మీద ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి, కాళ్ళు వాచిపోయాయి. వీల్కిన్ అట్టముక్కతో విసురుతున్నాడు.

“దీవించు జ్ఞానమ్మా,” అంది వీళ్ళను చూడగానే, మా పిల్లలు పెద్దలను చూస్తే అనే మాట. “దీవించు జ్ఞానయ్యా.”

“దేవుడు దీవిస్తాడు తల్లీ,” అంది దిల్సియా. నికనోర్ మంచం కాళ్ళ దగ్గరే నిలబడ్డాడు.

“ఇద్దరూ వచ్చారంటే వీడే పంపించుంటాడు.” యనీరిస్ మొగుణ్ణి చూపుతో పొడిచింది. “నేను వినను. ముందే చెప్తున్నా. ఈసారి జాగ్రత్తగా లెక్క చూసుకుంటా. నువ్వు నెగ్గలేదా.”

దిల్సియా మంచం అంచున కూర్చుని పిల్ల చెయ్యి పట్టుకుంది. దారంతా మాటలు కూర్చుకుంది, ఇప్పుడు ఒక్కటీ గుర్తురాలేదు.

“నేను నెగ్గలేదే యనీరిస్. నేను సిద్ధపడినదాన్ని. మూడోవాడి కాన్పులోనే. ఆ థర్మామీటర్ నోట్లో ఊరికే పెట్టుకున్నా. హాల్లో కూర్చుని మీ అందరి ముందూ అబద్ధంగా నవ్వా.”

అట్టముక్క ఆగిపోయింది. యనీరిస్ ముందు దిల్సియా మొహంలోకి, తర్వాత నికనోర్ మొహంలోకి చూసింది. అక్కడ ఆమెకు కావలసిన సాక్ష్యం దొరికింది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

“నేను ఎన్నిసార్లు పాపసంకీర్తనం చేసుకున్నానో తెలుసా నీకు?” అంది. ఒక్కో మాటకూ ఊపిరి కూడగట్టుకుంటోంది. “నాకు ఓపిక లేదు ఫాదర్, నా ఒళ్ళు నా మాట వినదు ఫాదర్ అని. వీడికి దూరంగా నేల మీద పడుకున్నా. లెక్క ఎక్కడ తప్పానా అని తల బాదుకున్నా. ఒక్కరోజు కూడా తప్పలేదు కదా నేను. జ్ఞానమ్మా, నేను ఒక్కరోజు కూడా తప్పలేదు.”

“తప్పలేదు తల్లీ.”

“నీకు తెలుసు. తెలిసీ నా మొహం చూసి నవ్వావు.”

 తిట్టినా కొట్టినా బాగుండుననిపించింది దిల్సియాకు. యనీరిస్ తిట్టలేదు. కళ్ళ నీళ్ళు కారుతుండగా చాలాసేపు ఊపిరి కోసం పెనుగులాడింది. తర్వాత ఆమె కళ్ళు మంచం కాళ్ళ దగ్గర నిలబడిన నికనోర్ మీద ఆగాయి. ఈ ఒక్క మనిషైనా తనకు అబద్ధం చెప్పలేదని ఆమెకు తెలుసు.

“జ్ఞానయ్యా, నువ్వు చెప్పు. నువ్వు చదువుకున్నవాడివి. నేను చేయించుకుంటే పాపమా కాదా? నువ్వు కాదంటే చేయించుకుంటా. అవునంటే మానేస్తా. డాక్టరమ్మ ఇంకాసేపట్లో వస్తుంది.”

వీల్కిన్ కళ్ళు నికనోర్‌ను బతిమాలుతున్నాయి. నికనోర్ పెదవులు తడుపుకున్నాడు. ఆరేళ్ళు చదివిన పాఠమంతా నాలిక మీదే ఉంది. అతను ఒక్కసారిగా వెనక్కి తిరిగి నడవలోకి వెళ్ళిపోయాడు. దిల్సియా వెనకాలే పరిగెత్తింది.

గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ మనుషులు ఫ్లాస్కులతో, పసిపిల్లలతో తిరుగుతున్నారు.

“నన్నెందుకు అడగలేదు?” అన్నాడు. “నేను బయటే ఉన్నాను కదా. తలుపవతల. ఒక్కమాట పిలిచి అడిగుంటే.”

“అడిగుంటే ఏమనేవాడివి?”

అతను వెంటనే నోరు తెరిచాడు, నీ ప్రాణం కంటే ఎక్కువా అని చెప్పడానికే అయ్యుంటుంది. ఏ మొగుడైనా అదే అంటాడు. కానీ నికనోర్ అబద్ధం చెప్పలేని మనిషి. ఆ వరండాలో తొమ్మిదేళ్ళ కిందట జపమాల పట్టుకుని నిలబడ్డ తనను తలుచుకున్నట్టున్నాడు. ఆ నిలబడ్డ మనిషికి దేవుడి మీద ఎంత ధీమా ఉండేదో అతనికే తెలుసు. నోరు మెల్లగా మూసుకుంది. 

“వద్దనేవాణ్ణి,” అన్నాడు.

దిల్సియా పక్కకు జరిగి ఓ స్ట్రెచర్‌కు దారిచ్చింది.

“దేవుడు చూసుకుంటాడు, నమ్మకం ఉంచు అనేవాణ్ణి. వద్దని చెప్పి, నిన్ను ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి.” అతని గొంతు చిన్నదైపోయింది. “మరుసటేడే కడుపొచ్చేది. నువ్వు ఉండేదానివి కాదు.”

అతను గోడ వెంబడి జారి నేల మీద కూర్చుండిపోయాడు. తెల్ల చొక్కాకు సున్నం అంటుకుంది. దిల్సియాకు అతని భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. ఆ హక్కు తనకు మిగిలిందో లేదో తెలియక నిలబడిపోయింది. నడవ చివర నుంచి డాక్టరమ్మ, వెనకాల నర్సు వస్తూ కనిపించారు.

నికనోర్ కూడా వాళ్ళను చూశాడు. చేత్తో మొహం తుడుచుకుని లేచాడు. వాళ్ళకంటే ముందు లోపలికి వెళ్ళి యనీరిస్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఆమె మొహానికి తన మొహం సమంగా ఉండేలా. దిల్సియా గుమ్మం దగ్గరే ఆగింది.

“పాపమేనా జ్ఞానయ్యా?” అంది యనీరిస్.

“నన్నడక్కు తల్లీ,” అన్నాడు నికనోర్. “మీ జ్ఞానమ్మ నన్నడగలేదు కాబట్టే బతికుంది. నువ్వూ నన్నడక్కు.”

యనీరిస్ అతని వైపు అలా చూస్తూనే ఉంది. డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి, “ఏం నిర్ణయించుకున్నావమ్మా?” అని అడిగింది. యనీరిస్ మొగుడి వైపు చూడలేదు, గుమ్మంలో ఉన్న దిల్సియా వైపూ చూడలేదు. ఊపిరి కూడగట్టుకుని, తనే జవాబు చెప్పింది.

“ముడెయ్యండి.”